తాడు బయట

ముందు సూదులు లెక్కపెట్టమంది.
ఒక్క తొడిమకి అయిదుంటే కైల్,
దాని పలకలు ఇళ్ల కప్పులకెళ్తాయి.
మూడుండి, బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడి
లోపల వెండీ పాచిరంగూ కనిపిస్తే
అది మాది, చిల్గోజా.
దూలానికి రాదు, వంకర.
దేవుడి గుమ్మానికీ రాదు, ఆ మర్యాద దేవదారుది.
తిండికొస్తుంది. చాలదా?
అంది ఛిమెద్ పల్మో.

కింద ఎక్కడో సట్లెజ్
బూడిద కలిపిన నీళ్లలా పోతోంది.
ఇటు ఎండవాలు. మట్టి తక్కువ, రాయి ఎక్కువ.
రాతి పగుల్లో కాలు దూర్చి నిలబడ్డ చెట్లు
ఒకదాని నీడ ఇంకోదానికి తగలనంత ఎడంగా,
మాటల్లేని తోడికోడళ్లలా.

నా పని పిల్లమొక్కల్ని లెక్కపెట్టడం.
నాలుగు మేకులు, నైలాన్ తాడు,
పది మీటర్లకి పది మీటర్లు.
మొదటి చదరంలో మేకపెంటికలు.
రెండోదాంట్లో తడిసి ఎండిన అగ్గిపెట్టె.
మూడోదాంట్లో పచ్చగా ఏదో మెరిసి
గుండె ఝల్లుమంది.
సీసా పెంకు.

ఎన్ని? అని చెట్టు మీంచే అడిగింది పల్మో.
చేతిలో పొడవాటి కర్ర, కొసన ఇనప కొక్కెం.
కాయ ముదరడానికి రెండేళ్లు.
అది నోరు తెరిస్తే పిట్టలపాలు,
అందుకే తెరవకముందే దింపేస్తారు.
మా మామ చెట్టుకి ఏడు కాయలు వదిలేవాడు,
అంది దిగుతూ.
గుత్తేదారు వచ్చాక ఏడు మూడయ్యాయి.
రోడ్డు పడ్డాక మూడు...
మాట అక్కడే వదిలి
గీరుకుపోయిన మోచేతికి ఉమ్మి రాసుకుంది.

మధ్యాహ్నం నిప్పులమీద పేరిస్తే
కాయలు చిటపటమని పొలుసులు విప్పాయి.
సన్నటి, పొడుగాటి గింజలు.
పంటికింద చిట్లిస్తే నేతిలాంటి కమ్మదనం,
చివర్లో కాస్త బంక ఘాటు.
తింటూనే రాశాను: నాలుగో చదరం, సున్నా.
తింటూనే రాశాను: అయిదు, సున్నా.
ఒళ్లో పొట్టు చూసుకున్నాను.
ఆ పూట నేను నమిలింది
నూటపదకొండు చెట్లు.

పల్మో పడీపడీ నవ్వింది.
ఈ ఊళ్లో బూట్లన్నీ ఈ చెట్లు కొన్నవే, తిను.
ఒక పిట్టుంది, గోధుమరంగుది, ఒళ్లంతా తెల్లచుక్కలు.
గింజలు తీసుకుపోయి రాళ్లసందుల్లో దాస్తుంది.
కొన్నిటిని మర్చిపోతుంది.
ఆ మతిమరుపు మాకు రాలేదు చూడు.

ఏడో చదరం చుట్టి లేస్తుంటే
తాడుకి జానెడు అవతల,
ముళ్లపొద చాటున,
అగ్గిపుల్లంత కాండం, చీపురు కుచ్చంత తల.
ఇద్దరం చతికిలబడ్డాం.
ఊపిరి తగిలినా విరుగుతుందేమోనని
ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది.
దీనికి ఆరేళ్లుంటాయి, అంది.
మా చిన్నదానికన్నా ఏడాది పెద్దది.

తాడు బయటున్నదాన్ని రాయకూడదు.
చెప్పాను. రెండుసార్లు చెప్పాను.
పల్మో ఏమీ అనలేదు.
రాయితో మేకు పీకింది,
జానెడు జరిపి,
తలమీద నాలుగు దెబ్బలేసి దిగ్గొట్టింది.
ఇప్పుడు చూసి రాయి.

నా వేళ్లకి బంక అంటుకుంది.
కలం కాయితం వదల్లేదు.
ఒకటి అనే అంకె
పెద్ద మరకలా వచ్చింది.

వెళ్లే రోజు మెడలో చిల్గోజా దండ వేశారు,
అతిథికి అది వాళ్ల ఆనవాయితీ.
గింజ గింజకీ దారం.
నేను లెక్కపెడుతున్నానని
పల్మోకి పెదవుల కదలికలో తెలిసిపోయింది.
బస్సు కిటికీ పట్టుకుని అంది:
సూది దిగిన గింజలవి, ఎలాగూ మొలవవు.
భయపడకుండా తిను.